గండిపేటలో గేటెత్తితే... కార్వాన్‌లో గుండె దడ!

వాన పడేది వికారాబాద్ కొండల్లో. గేట్లు లేచేది గండిపేటలో, హిమాయత్‌సాగర్‌లో. సామాన్లు సర్దుకోవాల్సింది మాత్రం కార్వాన్, జియాగూడ, పురానాపూల్ వాసులు. ఎందుకిలా? నది ఎంతవరకు నదో, ఊరు ఎక్కణ్నుంచి ఊరో తేల్చే గీతలు కొన్ని ఉన్నాయి. ఆ గీతల కథే ఇది.

'హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారంట!'

వానాకాలంలో మూసీ ఒడ్డు బస్తీల్లో ఈ ఒక్క మాట చాలు. ఫ్రిజ్జు బల్లమీదికి చేరుతుంది. బియ్యం బస్తా అటకెక్కుతుంది. పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు ఒక పాలిథిన్ కవర్లోకి వెళ్లిపోతాయి. జియాగూడ, పురానాపూల్ మధ్య మూసీ పక్కనుంచి పోయే రోడ్డుకి పోలీసులు బారికేడ్లు అడ్డం పెట్టేస్తారు.

విచిత్రమేమిటంటే, ఆ సమయానికి ఇక్కడ చినుకు కూడా పడకపోవచ్చు. తెరిపిచ్చి ఎండ కాయొచ్చు కూడా. అయినా నీళ్లొస్తాయి. ఎందుకంటే ఈ బస్తీలకు వచ్చే వరద వీళ్ల మీద పడిన వాన కాదు, ఎగువన ఎక్కడో పడిన వాన!

సంగమానికి దిగువన...

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా పారి గండిపేట చెరువులోకి, అదే ఉస్మాన్‌సాగర్‌లోకి చేరుతుంది. దక్షిణం వైపు నుంచి ఈసీ అనే మరో చిన్న నది వచ్చి హిమాయత్‌సాగర్‌లో కలుస్తుంది. ఆ రెండు కట్టలూ దాటాక రెండు నదులూ కలిసేది లంగర్‌హౌస్ దగ్గర. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని కలిపిన బాపూఘాట్ ఆ సంగమం ఒడ్డునే ఉంది. అక్కణ్నుంచి నది కాస్త ముందుకొస్తే ఎడమ గట్టు వైపు కార్వాన్, జియాగూడ. ఆ తర్వాత పురానాపూల్. అంటే రెండు నదుల నీళ్లూ ఒక్కటయ్యాక వచ్చే మొదటి పాత బస్తీలివే.

దీనికి తోడు ఇది దక్కన్ పీఠభూమి. కింద గట్టి నల్లరాయి, పైన పల్చటి మట్టి. కోస్తా డెల్టాలో మాదిరిగా వాన నీటిని పీల్చుకునే లోతైన ఒండ్రునేల కాదిది. గట్టి వాన పడితే నీళ్లు ఇంకేది తక్కువ, పరుగెత్తేది ఎక్కువ. అందుకే మూసీ ఎనిమిది నెలలు వాగులా కనిపిస్తుంది. రెండు రోజుల వానకి మహానదిలా మారిపోతుంది. ఎండాకాలంలో చూసినవాళ్లకి 'ఇంత చోటు నదికెందుకు?' అనిపిస్తుంది. కష్టాలన్నీ మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

ఇంతకీ జనం ఇక్కడ ఎందుకు స్థిరపడ్డట్టు? పేరులోనే ఉంది జవాబు. కార్వాన్ అంటే బిడారు, వర్తకుల గుంపు. గోల్కొండ కోటకూ మూసీ వంతెనకూ మధ్య దారి ఇది. కుతుబ్‌షాహీల కాలంలో ఒంటెలు, ఎడ్లబండ్లతో వచ్చిన వ్యాపారులు ఇక్కడే మకాం వేసేవారు. వజ్రాల బేరగాళ్లు, షాహుకార్లు ఇక్కడే ఉండేవారు. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పురానాపూల్ కట్టించాక ఈ దారి ఇంకా రద్దీ అయింది. 1671లో మూసా ఖాన్ కట్టించిన తోలీ మసీదు ఇప్పటికీ ఆ వైభవానికి సాక్ష్యం. దర్బార్ మైసమ్మ బోనాలు, జియాగూడ రంగనాథుడి వైకుంఠ ఏకాదశి కూడా ఈ ఒడ్డు పండగలే. దారి, నీళ్లు, బేరం... మూడూ దొరికే చోటు కనకే ఊరు వెలిసింది. నది దగ్గర ఉండటమంటే నదితో పడటం కూడా అని వాళ్లకి తెలుసు.

ఆ సోమవారం...

1908 సెప్టెంబరు 28. హైదరాబాద్ చరిత్రలో అంత చీకటి రోజు మరొకటి లేదు.

శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. సెంటీమీటర్లలో చెప్పాలంటే రెండు రోజుల్లో 48. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడే వాన 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ! అంటే ఏడాది వానలో సగానికి పైగా రెండు రోజుల్లో కురిసిందన్నమాట.

అప్పట్లో నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండేవి. దాదాపు చదరపు మైలుకి ఒకటి. వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింద చెరువు మీద పడటం, అది తెగి ఆ కింద దాని మీద పడటం... గొలుసుకట్టు చెరువుల్లో జరిగేదే ఇది. అన్నీ కలిసి నగరం మీదికి వచ్చిన ప్రవాహం 4.25 లక్షల క్యూసెక్కులని అంచనా. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ఈ లెక్కన సెకనుకి కోటీ ఇరవై లక్షల లీటర్లు!

అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు ఒడ్లనీ కలుపుతూ మిగిలింది పురానాపూల్ ఒక్కటే. సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్నారు. నిజాం మహబూబ్ అలీఖాన్ పసుపు, కుంకుమలతో మూసీకి మొక్కాడని పాతబస్తీలో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు.

మొక్కు మాట ఎలా ఉన్నా ఆయన మరో మంచి పని చేశాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు కబురు పెట్టాడు.

ఇంజినీరు చెప్పిన మాట

1909లో హైదరాబాద్ వచ్చిన విశ్వేశ్వరయ్య ముందు నగరంలోని గట్లని కాదు, ఎగువన చెరువుల్ని పరిశీలించారు. ఆయన తేల్చిన విషయం సూటిగా ఉంది. నగరం దగ్గర ఎంత గోడ కట్టినా ఇంత వరదను ఆపలేం. ఎగువనే ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి... రెండు పెద్ద జలాశయాలు కట్టి, వరదను అక్కడ నిలిపి, నెమ్మదిగా వదలాలి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి బోర్డు ఒడ్డున ఇరుకు బస్తీల పని పట్టింది. నదీతీరం వెంట గట్లు లేచాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లాంటి భవనాలు వచ్చాయి.

ఇంకో లాభం కూడా కలిగింది. గండిపేట నీళ్లు పంపు అక్కర్లేకుండా, వాలు మీద కాలువలో పారుతూ కార్వాన్ పక్కనే ఉన్న ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. నగరం దాహం తీరింది. 'గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడు' అనే మాట పుట్టింది. ఇక్కడే ఒక చిక్కు కూడా పుట్టింది.

కుండా? కవచమా?

వరదను ఆపాలంటే చెరువు ఖాళీగా ఉండాలి. దాహం తీర్చాలంటే చెరువు నిండుగా ఉండాలి. ఒకే చెరువు రెండు పనులూ చెయ్యాలంటే ఎప్పుడు ఎంత నింపాలి, ఎప్పుడు వదలాలి అన్నది కత్తిమీద సాము.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఉస్మాన్‌సాగర్ నిల్వ సామర్థ్యం 3.9 టీఎంసీలు. హిమాయత్‌సాగర్‌ది సుమారు 2.96. రెండూ కలిపి ఏడు టీఎంసీల లోపే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 1908 నాటి గరిష్ఠ ప్రవాహం అదే జోరుతో వస్తే, పూర్తిగా ఖాళీగా ఉన్న ఈ రెండు చెరువులూ నిండటానికి పట్టేది సుమారు నాలుగున్నర గంటలు! అంత జోరు గంటల తరబడి ఉండదు కాబట్టి, ఖాళీ ఉన్నంత మేరకు చెరువులు దెబ్బని బాగా తగ్గిస్తాయి. కానీ అప్పటికే నిండి ఉంటే? వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి వదలక తప్పదు. ఉస్మాన్‌సాగర్‌కి 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కి 1763.5 అడుగులు. మట్టం ఆ అంకెలకి దగ్గరవుతుంటే కార్వాన్‌లో గుండె వేగం పెరిగేది ఇందుకే.

2025 సెప్టెంబరు చివరి వారంలో ఇదే జరిగింది. రెండు జలాశయాల గేట్లూ ఎత్తి ముప్పై వేల క్యూసెక్కులకు పైగా నీటిని వదిలారు. పురానాపూల్ నుంచి మూసారాంబాగ్ దాకా ఒడ్డు బస్తీలు మునిగాయి. నది మధ్య దిబ్బ మీద కట్టిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి అర్ధరాత్రి నీళ్లొచ్చాయి. ఊళ్లకు పోదామని వచ్చిన ప్రయాణికుల్ని తాళ్ల సాయంతో బయటికి తేవాల్సి వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజు వచ్చిన నీళ్లు 1908 వరదలో పదోవంతు కూడా కాదు. పదోవంతుకే ఊరు మునిగిందంటే నది చిన్నదైనట్టా, వరద పెద్దదైనట్టా?

నూటపదకొండు అనే గీత

చెరువులోకి నీళ్లు ఎంత వేగంగా వస్తాయన్నది దాని చుట్టూ ఉన్న నేల మీద ఆధారపడి ఉంటుంది. పొలమైతే కొంత ఇంకుతుంది, కొంత ఆలస్యంగా దిగుతుంది. సిమెంటయితే మొత్తం ఒక్కసారే వచ్చి పడుతుంది. అందుకే చెరువుని కాపాడటమంటే కట్టని కాపాడటం ఒక్కటే కాదు.

1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 111 ఈ పనే చేసింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదంది. దాని కిందికి వచ్చినవి 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు. ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమ పెట్టడం మీద వచ్చిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999, 2000 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పుల్లో కోర్టు తాగునీటి వనరుల పక్షానే నిలబడింది.

గీతకి ఆవలున్న రైతుల బాధ వేరు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదు. నగరం కోసం త్యాగం తామెందుకు చెయ్యాలని వాళ్ల ప్రశ్న. అందులో న్యాయం లేదనలేం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో ఆంక్షల్ని షరతులతో సడలించింది. 2023 మేలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా రద్దు చెయ్యాలని నిర్ణయించింది. విషయం హైకోర్టులో నలిగింది. అప్పట్లో ప్రభుత్వం చెప్పిన ప్రధాన కారణం... నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి, ఈ చెరువుల మీద ఆధారపడాల్సిన అవసరం తీరిందని.

ఈ వాదంలో చెరువు ఒక మంచినీళ్ల కుండ. కుండ అవసరం తీరింది కాబట్టి దాని చుట్టూ కంచె అక్కర్లేదు. కానీ విశ్వేశ్వరయ్య ముందు ఆలోచించింది కుండ గురించి కాదు, కవచం గురించి. కృష్ణా నీళ్లు వచ్చినా, గోదావరి నీళ్లు వచ్చినా అనంతగిరి మీద పడే వాన ఆగదు కదా!

గోడ మీద ఎర్ర గుర్తు

ఇక ఒడ్డుకి వద్దాం. నది పక్కన ఇల్లు కట్టకూడదన్న నిబంధన కాగితం మీద ఉంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ప్రకారం మున్సిపల్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు ఖాళీగా వదలాలి. పరిధి దాటితే 100 మీటర్లు. కానీ ఒడ్డు బస్తీలు చాలామటుకు ఆ జీవో కంటే ముందే వెలిశాయి. ఊళ్లలో కరువొచ్చి నగరానికి వచ్చిన కూలీలు, కబేళా పనివాళ్లు, ఆటోడ్రైవర్లు, చిన్న వ్యాపారులు... అద్దె భరించలేనివాళ్లకి నగరం మిగిల్చిన చోటు ఇదే. కరెంటు మీటరు వచ్చింది. నల్లా వచ్చింది. ఇంటిపన్ను కట్టించుకున్నారు. ఇన్ని చూశాక ఇల్లు తనదని ఎవరైనా అనుకుంటారు.

తొంభయ్యో దశకం చివర్లో నందనవనం ప్రాజెక్టు పేరుతో కొన్ని బస్తీల్ని ఖాళీ చేయించారు. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ ఏర్పడింది. 2024 జులైలో హైడ్రా వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు నెలాఖరులో రెవెన్యూ అధికారులు మూసీ వెంట సర్వే చేసి ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. ఆర్‌బీ అంటే నదీగర్భం. లంగర్‌హౌస్ నుంచి చాదర్‌ఘాట్ దాకా జనం రోడ్డెక్కారు. కొన్ని కుటుంబాలు మలక్‌పేట పిల్లిగుడిసెల్లోని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు వెళ్లాయి.

ఇల్లంటే నాలుగు గోడలే కాదు. పొద్దున్నే నడిచివెళ్లే పని, పిల్లల బడి, అప్పిచ్చే కిరాణాకొట్టు, మైసమ్మ గుడి, పక్క వీధిలో పెళ్లయిన కూతురు... ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. అలాగని ఏటా నడుంలోతు నీళ్లలో పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తడం కూడా బతుకు కాదు. ఈ రెండు కష్టాల మధ్య నలుగుతున్నవాళ్లకి 'అక్రమం' అన్న ఒక్క మాట సరిపోదు.

సముద్రం పక్కన ఏం చేశారు?

ఈ సమస్య మూసీ ఒక్కదానిదే కాదు. ఈ నీళ్లే వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరతాయి. ఆ ఒడ్డున ఉన్నవాళ్లకి 1977 నవంబరు దివిసీమ ఉప్పెన ఇంకా గుర్తే. సముద్రతీరానికి 1991 ఫిబ్రవరిలోనే కేంద్రం ఒక గీత గీసింది. పోటు సమయంలో నీళ్లు చేరే చివరి హద్దు నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలి. దాన్నే సీఆర్‌జెడ్ అంటున్నాం. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణాలకు వీల్లేదు. సంప్రదాయంగా ఉంటున్న మత్స్యకార గ్రామాలకు మాత్రం ఆ తర్వాతి భాగంలో ఇళ్ల విషయంలో వెసులుబాటు ఇచ్చారు. ముప్పునీ, అక్కడ బతికే మనిషినీ రెంటినీ చూసిన నియమం అది.

అక్కడా గీత కదలకుండా ఉండలేదు. 2019 జనవరి నోటిఫికేషన్‌లో జనసాంద్రత ఎక్కువ ఉన్న గ్రామీణ తీరాల్లో ఆ 200 మీటర్లని 50కి కుదించారు. గండిపేటైనా, కోస్తా అయినా భూమి ధర పెరిగేకొద్దీ గీత నీళ్ల వైపు జరుగుతోంది. నీళ్లు మాత్రం వెనక్కి జరగవు.

దేశమంతటా నదులకు సీఆర్‌జెడ్ లాంటి ఒకే నియమం రాలేదు. రాష్ట్రానికో జీవో, ఊరికో లెక్క. నెదర్లాండ్స్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1995 వరదల్లో రెండున్నర లక్షల మందిని తరలించాల్సి వచ్చాక, ఆ దేశం గట్లు ఎత్తు పెంచడం ఒక్కటే చాలదనుకుంది. కొన్నిచోట్ల గట్లనే వెనక్కి జరిపింది. నిమేగన్ నగరం దగ్గర గట్టుని 350 మీటర్లు వెనక్కి జరపడానికి యాభై ఇళ్లు తీసెయ్యాల్సి వచ్చింది. నదికి చోటు ఇవ్వడమంటే మనుషులు కదలడమే. కాకపోతే ఎవరు కదలాలి, ఎక్కడికి, ఏమిచ్చి అన్నది ముందే తేల్చుకుని మొదలుపెట్టడం ముఖ్యం.

గీత అందరికీ ఒకటేనా?

1909లో విశ్వేశ్వరయ్య చెప్పిన సూత్రం నేటికీ వర్తిస్తుంది. నగరంలో వరదకి మందు ఎగువన ఉంది. దాన్ని పక్కనబెట్టి ఒడ్డున గుడిసెలు మాత్రం తీసేసి ఉద్యానవనం వేస్తే, వచ్చే వరదకి ఆ ఉద్యానవనం మునుగుతుంది. దాని వెనకున్న వీధి కూడా మునుగుతుంది. గండిపేట చుట్టూ పది కిలోమీటర్లు, కార్వాన్ ఒడ్డున యాభై మీటర్లు... ఇవి రెండు వేర్వేరు గీతలు కావు, ఒకే నదికి రెండు చివర్లు. పైనున్న గీత సడలితే కిందున్న గీత ఎంత బిగించినా చాలదు.

జియాగూడ ఒడ్డున రెండు గదుల రేకుల ఇంటిని ఆపే నియమం, ఎగువన చెరువు అంచున లేచే పెద్ద కట్టడాన్ని కూడా అంతే కచ్చితంగా ఆపగలగాలి. ఖాళీ చెయ్యమన్న రోజున ఇంటి తాళం చేతికిచ్చే ఏర్పాటు ఉండాలి. అదీ పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో. అప్పుడే ఒడ్డునున్నవాళ్లు ఆ గీతని తమ మీద గీసినదిగా కాక, తమకోసం గీసినదిగా చూస్తారు.

ఏ గీత ఎంత దూరం?

స్థలం కొనేముందు ఈ నాలుగూ గుర్తుంచుకుంటే మంచిది. 2012 నాటి జీవో 168 చెప్పిన దూరాలివి.

నది: మున్సిపల్ పరిధిలో హద్దు నుంచి 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

పెద్ద చెరువు (పది హెక్టార్లు, ఆపైన): పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే చివరి గీతనే ఎఫ్‌టీఎల్ అంటారు. ఎండిపోయినప్పుడు కనిపించే అంచు కాదు.

చిన్న చెరువు, కుంట: 9 మీటర్లు.

నాలా: పది మీటర్ల కంటే వెడల్పయితే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు.

ఎండాకాలంలో స్థలం చూడ్డానికి వెళ్తే అన్నీ పొడినేలగానే కనిపిస్తాయి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు చూసి, వానాకాలంలో మరోసారి వెళ్లి చూసి, చుట్టుపక్కల పెద్దవాళ్లని 'ఇక్కడ నీళ్లెక్కడిదాకా వచ్చేవి తాతా?' అని ఒక్క మాట అడగండి. ఏ కాగితంలోనూ లేని హద్దు వాళ్లు చెప్పగలరు.